కొరికిన రొట్టె

“కొరకవే. నోరు నొప్పా?”

తందూరులోంచి అప్పుడే ఊడదీసిన రొట్టెని ఖాల్‌బీబీ కోడలి మూతికి ఆనించింది.

సలామత్ మొహం పక్కకి తిప్పుకుంది. “కాలుతోందత్తా.”

“కాలితే ఊదుకుని కొరుకు. నీకేదో విషం పెడుతున్నట్టు చూస్తావేం?”

“నాది కాని రొట్టె నేనెందుకు కొరకాలి?”

“నీది కాదు గనకే అడుగుతున్నా. దాని పళ్ళు నేనెక్కణ్ణించి తేను? అవి వెళ్ళి రష్యావాళ్ళ కోటలో కూర్చున్నాయి కదా.”

నిన్న సాయంత్రం కోట నుంచి గుర్రపువాడు వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పారిపోయిన తోహ్ఫా నది అవతల, కోట ఉన్న కట్టాకుర్గాన్‌లో తేలింది. నేను వీళ్ళ బానిసని, నన్ను విడిపించండి అంటోంది. ఖాల్‌బీబీ కొడుకు ఉల్మస్‌బాయ్ అంతకుముందే వెళ్ళి, బానిస కాదు, నా రెండో పెళ్ళాం, అలిగి వచ్చేసింది అని చెప్పి వచ్చాడు.

బానిస అయితే కోటలో ఉండే అధికారి, అందరూ తూరా అని పిలిచే ఆ ఎర్రగడ్డం మనిషి, విడుదల కాగితం రాసిచ్చేస్తాడు. పెళ్ళాం అయితే మాత్రం మొగుడూపెళ్ళాల తగువుల్లో రష్యావాళ్ళు వేలు పెట్టరు. అమీరు గారి ఖాజీ దగ్గరికి, అంటే తిన్నగా ఇంటికే, తిప్పి పంపేస్తారు. ఈ కిటుకు నదికి ఇవతలున్న ఇళ్ళన్నిటికీ తెలిసిపోయింది.

తూరాకీ తెలిసిపోయినట్టుంది. ఈసారి మొగుడి మాట చాలదన్నాడు. పెద్ద భార్య వచ్చి తన నోటితో చెప్పాలన్నాడు.

పెద్ద భార్య అంటే సలామత్.

“గోడ చూడు” అంది ఖాల్‌బీబీ, గొంతు తగ్గించి.

సలామత్ చూడక్కర్లేదు. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఆ గోడ చూస్తూనే ఉంది. ఇంట్లోవాళ్ళు ఎవరైనా దూరం వెళ్తుంటే గడప దాటే ముందు ఒక రొట్టె కొరుకుతారు. మిగతాది మేకుకి తగిలిస్తారు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి దాన్ని తినాలి, అందుకని. మామగారి రొట్టె ఒకటి ఉంది, మక్కా వెళ్ళినాయన మళ్ళీ రాలేదు, ఎండి రాయైపోయినా దాన్ని దించే ధైర్యం ఎవరికీ లేదు. మరిదిది ఒకటి, అమీరు గారి సైన్యంలోకి పోయినప్పటిది.

బానిస రొట్టె ఏ గోడ మీదా ఉండదు. అందుకే ఇప్పుడు గోడకి కొట్టిన ఈ కొత్త మేకు.

“మన కోడలే అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అలిగి పుట్టింటికి బయల్దేరింది, రొట్టె కొరికి వెళ్ళింది, మేం తగిలించుకుని ఎదురుచూస్తున్నాం. అక్కడ దుబాసీ తాతారు వాడట. వాళ్ళలోనూ ఉంది ఈ ఆచారం. చూడగానే తలూపేస్తాడు.”

“అత్తా, రొట్టెతో అబద్ధం ఆడతామా?”

ముసలావిడ రొట్టె మీద వేలితో బూడిద తుడిచింది. ఆ మాట ఆవిడకీ తగిలినట్టే ఉంది.

“నీ కూతురి గురించి ఆలోచించు” అంది. “కాగితం చేతికొచ్చిందనుకో, అది ముందు అడిగేది ఎవర్ని?”

సలామత్ రొట్టె కొరికింది.

*

జుమ్రద్‌కి నాలుగేళ్ళు. సలామత్ జడ గుప్పిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోదు. అమ్మా అని సలామత్‌నే పిలుస్తుంది. కన్నది మాత్రం తోహ్ఫా.

పుట్టిన పూట ఖాల్‌బీబీ పిల్లని గుడ్డలో చుట్టి, కన్నతల్లి మొహమైనా చూడకముందే తెచ్చి సలామత్ ఒళ్ళో పెట్టింది. కడుపు పండని కోడలికి అత్త ఇచ్చిన కానుక అది. తోహ్ఫా రోజూ వచ్చి పాలిచ్చి, తిరిగి గొర్రెతోళ్ళు కడిగే తొట్టి దగ్గరికి పోయేది. పిల్ల ఆమెని పేరు పెట్టి పిలిచేది. తోహ్ఫా ఏనాడూ సరిదిద్దలేదు.

“దీన్ని కూడా తయారు చెయ్యి” అన్నాడు ఉల్మస్‌బాయ్ గుమ్మంలోంచి. అప్పటికే బూట్లు వేసుకున్నాడు.

“ఎవర్ని?”

“పిల్లని. బిడ్డ తల్లిని బానిస అని ఎవడంటాడు? తూరా చూడనీ. అదీ చూడనీ. ఈ మొహం చూశాక అది అక్కడ ఉండగలిగితే అప్పుడు మాట్లాడదాం.”

“వద్దండీ.”

ఆ ఇంట్లో ఆ మాట అంత తేలిగ్గా వినిపించదు. ఖాల్‌బీబీ కూడా తందూరు దగ్గర్నించి తలెత్తింది.

“ఏమన్నావ్?”

“పిల్లని తీసుకెళ్ళొద్దు. నది పొంగి ఉంది. జలుబు కూడా చేసింది దానికి.”

“నదికి జలుబు చేసిందా, పిల్లకా?” అని అతనే నవ్వుకున్నాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. “నువ్వు అక్కడ చెప్పాల్సింది ఒక్క మాట. ఇది నా సవతి అని. అంతే. ఇంకేం అడిగినా ఏడువు. ఆడవాళ్ళు ఏడిస్తే రష్యావాళ్ళకి కంగారు.”

“ఒకవేళ...”

“ఒకవేళ లేదు.”

ఖాల్‌బీబీ రొట్టెని పొగ మీద తిప్పుతోంది, పాతదానిలా కనిపించాలని. కోడలి వైపు చూడలేదు.

*

పెళ్ళయ్యాక సలామత్ వీధి దాటింది తక్కువ. దర్గాకి వెళ్ళిన దారి తప్ప ఆమెకి లోకం తెలియదు. గుర్రపు వెంట్రుకల ముసుగులోంచి చూస్తే పొలాలు, మల్బరీ చెట్లు అన్నీ సన్నటి గీతలుగా కనబడుతున్నాయి. ఉల్మస్‌బాయ్ గుర్రం మీద ముందు పోతున్నాడు. వెనక బండిలో పిల్ల సలామత్ ఒళ్ళో కూర్చుని దారిలో కనబడిన గాడిదలన్నిటికీ పేర్లు పెడుతోంది.

జరఫ్షాన్ నది ఒడ్డున బండి ఆగిపోయింది.

సలామత్ ముసుగు కాస్త ఎత్తింది. ఎత్తకూడదని తెలిసీ ఎత్తింది.

ఇది నదా. ఇంటి వెనక కాలవ లాంటిదే ఇంకొంచెం పెద్దగా ఉంటుందని అనుకుంది ఇన్నాళ్ళూ. కొండల మీద మంచంతా ఒకేసారి కరిగి కిందికి దూకినట్టుంది. మట్టిరంగు నీళ్ళు కుండలో మరుగుతున్నట్టు సుళ్ళు తిరుగుతున్నాయి. వేళ్ళతో సహా ఊడిన చెట్టొకటి నెమ్మదిగా దొర్లుకుంటూ పోతోంది, దాని కొమ్మకి ఎవరిదో తలపాగా చుట్టుకుని ఉంది. చప్పుడు చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినబడుతోంది.

బండి గుర్రం నీళ్ళలో ఒక కాలు పెట్టి వెనక్కి తీసేసుకుంది.

“నడవవే, పెళ్ళికూతురు వేషాలా” అని బండివాడు దాన్ని అదిలించాడు. బండి చక్రాలు మనిషికంటే ఎత్తు. అయినా నీళ్ళు ఇరుసు దాకా వచ్చాయి. సలామత్ పిల్లని గుండెకి అదుముకుంది.

“ఇదే తగ్గినట్టు తల్లీ. పోయిన వారం చూడాలి. ఒంటెల్ని కూడా దింపలేదెవరూ” అన్నాడు బండివాడు.

పోయిన వారమే తోహ్ఫా వెళ్ళిపోయింది.

“నడిచి ఎవరైనా దాటగలరా, అన్నా?” గొంతు బయటికి వచ్చాక గానీ తను పరాయి మగాడితో మాట్లాడానని సలామత్‌కి తెలియలేదు.

“నడిచా? చచ్చినవాళ్ళు దాటుతారు. తేలుకుంటూ.”

సలామత్ నీళ్ళనే చూస్తూ ఉండిపోయింది. పొద్దున లేస్తే తలొంచుకుని టీ కాచే సమోవార్ తెచ్చే మనిషి. పిలిస్తే ఊఁ అనడానికి కూడా గొంతు పెద్దది చెయ్యని మనిషి. ఈ నీళ్ళలోకి దిగింది. ఈ చలిలో, ఈ చప్పుడులోకి, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా. మొదటి అడుగు వేసేటప్పుడు ఏమనుకుని ఉంటుంది? సలామత్ ఎంత ఊహించినా తన ఊహ ఒడ్డునే ఆగిపోతోంది.

“అమ్మా, గట్టిగా పట్టుకున్నావు. నొప్పి” అంది జుమ్రద్.

*

కోటలో గది చిన్నదే. బల్ల, రెండు కుర్చీలు, గోడకి రష్యా చక్రవర్తి జారు బొమ్మ. ఒక కుర్చీలో తూరా. రెండో కుర్చీలో తోహ్ఫా.

కుర్చీలో.

సలామత్ అక్కడే ఆగిపోయింది. తోహ్ఫా భుజాల మీద ఎవరో సిపాయిది పాత కోటు ఉంది. పాదాలకి గుడ్డలు చుట్టి ఉన్నాయి, వాటి మీద రక్తం ఎండి నల్లబడింది. మొహానికి ముసుగు లేదు. లేవలేదు కూడా. పిల్లని చూడగానే మాత్రం చేతులు రెండూ కుర్చీ అంచుని పట్టుకున్నాయి, వదిలితే ఆమె లేచి పరిగెడుతుందన్నట్టు.

“తోహ్ఫా” అంది జుమ్రద్ సంతోషంగా. “నీ కాళ్ళకి ఏమైంది?”

“నీళ్ళలో రాళ్ళున్నాయి తల్లీ.”

దుబాసీ గబ్దుల్లా తాతారు మనిషి, పొట్టివాడు, కళ్ళలో ఎప్పుడూ ఏదో కొంటెతనం. “రండి బాయ్ గారూ, రండి. మీ పెద్దావిడా? మంచిది. మాకు ఈమధ్య ఒక వింత అర్థం కావట్లేదు. అమీరు గారి రాజ్యంలో బానిసలే లేనట్టున్నారు. పారిపోయి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఎవరో ఒకరి పెళ్ళామే.”

“అదీ అంతే” అన్నాడు ఉల్మస్‌బాయ్.

“చూద్దాం. తూరా గారికి పైనుంచి గట్టి మాట ఉంది, అమీరుతో పేచీ తెచ్చుకోవద్దని. పెళ్ళాం అని తేలితే ఇప్పుడే మీతో పంపేస్తారు. ఆయనకీ తలనొప్పి పోతుంది.”

తూరా ఏదో అడిగాడు. దుబాసీ కుర్చీ వైపు తిరిగాడు. “పేరు?”

“జీవర్. తుర్బత్ ఊళ్ళో కుండలు చేసే హైదర్ కూతుర్ని.”

సలామత్ ముసుగులోపల నోరు తెరిచింది. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు. ఒకే పిల్ల. ఈ మనిషికి వేరే పేరు ఉంటుందని, ఆ పేరు పెట్టిన తండ్రి ఒకడు ఎక్కడో చక్రం తిప్పుతూ ఉంటాడని తనకి ఒక్కసారైనా తట్టలేదు. తోహ్ఫా అంటే కానుక. సంతలోంచి తెచ్చిన రోజున ఖాల్‌బీబీ పెట్టిన పేరు. వస్తువుకి పెట్టినట్టు.

ఉల్మస్‌బాయ్ సంచిలోంచి రొట్టె తీసి బల్ల మీద పెట్టాడు. “మీకు తెలుసుగా దీని అర్థం. ఇది కొరికి వెళ్ళింది. మా అమ్మ గోడకి తగిలించుకుని ఏడుస్తోంది. బానిసకి ఎవరైనా రొట్టె తగిలిస్తారా?”

దుబాసీ మొహంలో కొంటెతనం పోయింది. రొట్టె చూశాడు. తూరాకి మెల్లగా వివరించాడు. తూరా గడ్డం నిమురుకుంటూ తలూపాడు, విడుదల కాగితాన్ని పక్కకి జరిపాడు.

ఖాల్‌బీబీ లెక్క తప్పలేదు.

“ఏమ్మా, ఇది నువ్వు కొరికిందేనా?” అన్నాడు దుబాసీ.

జీవర్ రొట్టెని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. కొరికిన చోట బొటనవేలు పెట్టింది.

సలామత్ ముందుపన్ను ఒకటి చిన్నప్పుడు ఆప్రికాట్ గింజ కొరికితే విరిగింది. ఆమె ఏం కొరికినా మధ్యలో చిన్న గట్టు మిగిలిపోతుంది. ఇంట్లో అది ఎవరూ గమనించలేదు. కానీ తను బీబీ అని పిలిచే సలామత్ తినగా మిగిలిన రొట్టెలే ఇన్నేళ్ళూ తిన్న మనిషికి ఆ గట్టు తెలియకుండా ఎలా ఉంటుంది.

జీవర్ తలెత్తి సూటిగా ముసుగు వైపు చూసింది.

ఇప్పుడు చెప్పేస్తుంది, అనుకుంది సలామత్. చెప్పాలి. చెబితే కాగితం దాని చేతిలో పడుతుంది. కోటలో అబద్ధం పట్టుబడిన ఆడదాన్ని మొగుడు ఏం చేస్తాడో దానికి తెలుసు. దానికి ఏం పోయింది.

జీవర్ రొట్టెని బల్ల మీద పెట్టింది. కొరికిన వైపు తనవైపుకి తిప్పుకుని, ఎవరికీ కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

“నేను చెప్పాల్సింది చెప్పేశాను” అంది. “ఆ ఇంట్లో నన్నెవరూ రొట్టె కొరకమనలేదు. దీని సంగతి బీబీని అడగండి.”

అంతే.

గదిలో ఈగ ఒకటి కిటికీకి కొట్టుకుంటోంది. సలామత్‌కి మళ్ళీ ఆ చప్పుడు వినబడింది, పక్కటెముకల్లో. ఆ నదిని దాటిన మనిషి, ఒడ్డు చేతికి అందుతున్న మనిషి, సలామత్ భుజం మీద కాలు పెట్టి ఎక్కడానికి ఒప్పుకోవట్లేదు. ఇలాంటివాళ్ళు కూడా ఉంటారా. తన వంటింట్లో ఉన్నారా ఇన్నాళ్ళూ.

“చెప్పండమ్మా” అన్నాడు దుబాసీ. “ఈమె మీ సవతేనా?”

ఉల్మస్‌బాయ్ దగ్గాడు. ఏడువు అని ఆ దగ్గుకి అర్థం.

సలామత్‌కి ఏడుపు రాలేదు. జుమ్రద్‌ని చంకలోంచి దింపింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

“ఆ రొట్టె నాది” అంది. “పొద్దున కొరికాను. పన్ను కావాలంటే చూసుకోండి.”

“ఏయ్.”

“ఆమె మా ఇంటి బానిస. ఈ పిల్లని కన్నది ఆమె. నేను పెంచాను.”

దుబాసీ ఇదంతా రష్యాభాషలోకి మార్చాడు. తూరా సలామత్ వైపు కాసేపు చూశాడు. పక్కకి జరిపిన కాగితాన్ని మళ్ళీ ముందుకి లాక్కున్నాడు. కలం కిరకిరలాడింది. ముద్ర పడింది. అంత నదిని దాటి వచ్చింది ఇంత చిన్న చప్పుడు కోసమా అనిపించింది సలామత్‌కి.

“బాయ్ గారూ, కాగితం ఈమె ఒక్కదానికే. పిల్ల సంగతి తూరా గారి ఉత్తర్వుల్లో లేదు” అన్నాడు దుబాసీ. “తండ్రిగా మీకేమైనా చెప్పాలనుంటే...”

“బానిసకి పుట్టిన ఆడపిల్ల” అన్నాడు ఉల్మస్‌బాయ్. మొహం తందూరులా ఎర్రబడింది. “అదే ఉంచుకోమనండి. ఇదీ ఇక్కడే ఉండొచ్చు.” సలామత్ వైపు చూడకుండానే అన్నాడు. “మా అమ్మ వంట చేసుకోగలదు. నా గడప తొక్కితే కాళ్ళు విరుగుతాయి.”

గుర్రం డెక్కల చప్పుడు కోట గేటు దాటి దూరమైంది.

*

కోట ముంగిట్లో ఎండ ఏటవాలుగా పడుతోంది. సమర్‌ఖండ్ వెళ్ళే సిపాయిల బండి సిద్ధమవుతోంది. కాగితం పుచ్చుకున్నవాళ్ళని తూరా ఇక్కడ ఉంచడు. సరిహద్దుకి దగ్గర, మళ్ళీ ఎత్తుకుపోతారని అందులోనే ఎక్కించి పంపేస్తాడు.

జీవర్ కుంటుకుంటూ వచ్చి సలామత్ ఎదురుగా నిలబడింది. కాగితం రొమ్ముల మధ్య దోపుకుంది.

“ఎందుకు చెప్పారు బీబీ?”

“నువ్వెందుకు చెప్పలేదు?”

సలామత్ చూపు జీవర్ పాదాల గుడ్డల మీద పడింది.

“ఈత వచ్చా నీకు?” అంది సలామత్.

“రాదు.”

“మరి?”

“గొర్రెతోలు ఊది, దాని మూతి బిగించి, పట్టుకుని దాటాను. ఇన్నేళ్ళు కడిగాను కదా తోళ్ళు. ఏది నీళ్ళు పీల్చదో తెలుసు.” మొదటిసారి నవ్వింది. “మీ ఆయన సరుకులో మంచిది చూసి తీశాను.”

సలామత్‌కీ నవ్వొచ్చింది. జుమ్రద్ ఆమె జడ చివర పట్టుకుని సిపాయిల గుర్రాలకి పేర్లు పెడుతోంది.

“ఆ రొట్టె ఇటివ్వండి” అంది జీవర్.

ఎలా చేతిలోకి వచ్చిందో, రొట్టె సలామత్ దగ్గరే ఉంది. ఇచ్చింది. జీవర్ నెమ్మదిగా, గాయాల మీదే, మోకాళ్ళ మీద కూర్చుంది. రొట్టెని పిల్ల నోటి దగ్గర పెట్టింది.

“కొరుకు తల్లీ.”

పిల్లకి తెలుసు, రొట్టె ఎప్పుడు కొరకాలో. “ఎక్కడికెళ్తున్నాం?” అంది. అడిగింది మాత్రం సలామత్‌ని.

సలామత్ కొరకమన్నట్టు తలూపింది.

జుమ్రద్ కొరికింది. నమిలింది. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్నమాట బుద్ధిగా అప్పజెప్పింది. “మిగతాది వచ్చి తింటా.”

జీవర్ లేచి రెండు చేతులతో రొట్టెని సలామత్ చేతుల్లో పెట్టింది. “గోడకి తగిలించండి బీబీ. ఇది వచ్చి తింటుంది. నేను తీసుకొస్తాను. బానిసగా చెప్పట్లేదు, హైదర్ కూతురిగా చెబుతున్నా.”

సిపాయి ఒకడు పిల్లని ఎత్తి బండిలో కూర్చోబెట్టాడు. జడ చివర ఆ చిన్న గుప్పిట్లోంచి జారింది. జీవర్ ఎక్కింది. పక్కన ఇంకా ఒక మనిషికి చోటుంది. ఆమె ఆ చోటు వైపు చూడలేదు, రమ్మనీ అనలేదు. కానీ అటు జరగలేదు కూడా.

గేటు దగ్గర్నుంచి దుబాసీ కేకేశాడు. “అమ్మా, బండి కదిలితే గేటు వేసేస్తాం. మీరెటు?”

సలామత్ రొట్టె చూసింది. రెండు కొరుకులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి బుల్లిది. రెండోదాని మధ్యలో చిన్న గట్టు.

అప్పుడు తట్టింది ఆమెకి. పొద్దున అబద్ధానికి కొరికాననుకుంది. కొరికి, గడప దాటింది. నది దాటింది. ఆచారం ప్రకారం చూస్తే వెళ్ళిపోయే మనిషి చెయ్యాల్సినవన్నీ తను వరసగా చేసేసింది.

చక్రం కిర్రుమంది. రొట్టె చేతుల్లోనే ఉంది. దాన్ని తగిలించే గోడ ఎటువైపు ఉందో మాత్రం ఆమెకి తెలియలేదు.